నలభై ఏడో మొక్క ప్రస్తుతం ఉన్న చోటు

మార్చి పదకొండు, సోమవారం ఉదయం ఏడూ నలభైకి కొక్కిలిగడ్డ నాంచారమ్మ గేదె ఉప్పునేలల పశుగ్రాస పరిశోధన కేంద్రంలోని నాలుగో మడిలోకి వెళ్లి నలభై ఏడో నంబరు మొక్కను తిన్నది. తినడానికి నాలుగు నిమిషాలు పట్టింది. వాచ్‌మన్ సైదులు చూశాడు. అప్పుడతను పళ్లు తోముకుంటున్నాడు.

ఆ మడిలో మూడు వందల పన్నెండు మొక్కలు నాటారు. మూడు వందల పదకొండు అప్పటికే చనిపోయాయి.

కేంద్రం గుల్లదిబ్బ అనే ఊరి పక్కన, సముద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నేల చవుడు. ఉప్పును తట్టుకునే పశుగ్రాసాన్ని కనిపెట్టడానికి అదే తగిన చోటని ఇరవై ఆరేళ్ల కిందట నిర్ణయించారు. అయితే ప్రయోగం ప్రామాణికమైన చవుడులో జరగాలని నిబంధన. కంచె అవతలి నేలలో ఉప్పు ఉంది గానీ దానికి ధ్రువపత్రం లేదు. అందుకని మడుల్లోని చవుడు తవ్వి అవతల పోశారు. ఎగువ నుంచి లారీల్లో మంచి మట్టి తెప్పించారు. అందులో బస్తాల ఉప్పు కలిపి, కొలిచి, ఉప్పుదనం పదహారు యూనిట్లని ధ్రువపత్రం తీసుకున్నారు. ఎరువు మాత్రం స్థానికంగా తీసుకోవచ్చని ఉంది. దాన్ని ఊళ్లోనే తీసుకున్నారు.

ఆ మట్టిలో నలభై ఏడో నంబరు ఒక్కటే బతికింది. గింజ కూడా పట్టింది. ఇరవై ఒకటో తేదీన ఢిల్లీ నుంచి సమీక్షా కమిటీ దాన్ని చూడటానికి వస్తోంది. కేంద్రం ఉంటుందా, మూతపడుతుందా అన్నది ఆ కమిటీ రాసే నివేదికను బట్టి ఉంటుంది.

నాంచారమ్మ ఎనిమిదింటికి గేదెను వెతుక్కుంటూ వచ్చింది. ఆమె వయసు యాభై రెండు. పాలు పోసి బతుకుతుంది. ఆమెకు ఒకటే గేదె, పేరు చుక్కి. అది ఈని ఇరవై రోజులైంది. సైదులు దాన్ని జెండా దిమ్మెకు కట్టేసి ఉంచాడు.

"ఏందిరా సైదులూ, నా గేదెను కట్టేశావు?"

"నన్నేం చెయ్యమంటావు పిన్నీ. మొక్క తిన్నది."

"తింటే ఏమైందిరా. మోపెడు గడ్డి తెచ్చి పడేస్తాలే."

"గడ్డి కాదంట. ఎనిమిదేళ్ల పరిశోధనంట."

"ఎనిమిదేళ్లకు ఒక్క మొక్క వచ్చిందా?"

సైదులు మళ్లీ పళ్లు తోముకోవడం మొదలుపెట్టాడు.

డైరెక్టర్ డాక్టర్ పట్టాభిరామారావు పదీ పదిహేనుకు వచ్చారు. ఆయన రోజూ పట్నం నుంచి కారులో వస్తారు, సాయంత్రం ఐదూ ఇరవైకి వెళతారు. స్టోర్ కీపర్ జక్కుల ఏలియా అప్పటికే జన్యు పదార్థాల రిజిస్టరు తెరిచి పెట్టుకుని ఉన్నాడు. ఆ రిజిస్టరులో ఐదు గళ్లు ఉంటాయి: నంబరు, పరిమాణం, మూలం, పాత్ర, ప్రస్తుతం ఉన్న చోటు. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసులో ఏలియా ఏ గడినీ ఖాళీగా వదల్లేదు. వదిలితే ఆడిట్ అభ్యంతరం వస్తుంది.

"నలభై ఏడు, 'నష్టపోయింది' అని రాయమంటారా సార్?"

డైరెక్టర్ ఆలోచించారు. పది రోజుల్లో కమిటీ వస్తోంది.

"నష్టపోలేదు. గింజలు గేదెలో ఉన్నాయి. గేదె మన ఆవరణలో ఉంది."

"అయితే పాత్ర గడిలో ఏం రాయను?"

"ఉన్నదే రాయవయ్యా."

ఏలియా 'పాత్ర' కింద 'గేదె, నల్లనిది, ఒకటి' అని రాశాడు. 'ప్రస్తుతం ఉన్న చోటు' కింద 'జెండా దిమ్మె' అని రాశాడు. ఆ వెంటనే పదకొండో నిబంధన అమల్లోకి వచ్చింది.

ఆ నిబంధనను ఆరేళ్ల కిందట పట్టాభిరామారావే రాశారు. అప్పట్లో పొలం సహాయకుడు ఒకతను విత్తనాల పొట్లాన్ని అన్నం క్యారేజీ రెండో గిన్నెలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాడు. పట్టుబడ్డాక విత్తనాలు ఇచ్చాడు గానీ గిన్నె తన పెళ్లినాటిదని ఇవ్వనన్నాడు. గిన్నె అడుగున మూడు గింజలు మిగిలాయి. ఆ వ్యవహారం రెండేళ్లు నడిచింది. అలాంటిది మళ్లీ జరగకుండా నిబంధన ఇలా రాశారు: 'జన్యు పదార్థం ఏ పాత్రలో ఉంటే ఆ పాత్రయు, దాని నుండి ఉత్పన్నమగు సమస్తమును, అట్టి ఉత్పన్నములు చేరిన ఇతర పాత్రలును, పదార్థ యజమాని అదుపులో ఉండవలెను. యజమాని సంతకము గల గేటుపాసు లేనిదే ఏ పాత్రయు ఆవరణ దాటరాదు. యజమాని అనగా మూలము గడిలో పేరున్నవారు.'

నలభై ఏడో నంబరు మూలం గడిలో 'కేంద్రం' అని ఉంది.

నాంచారమ్మను లోపలికి పిలిచారు.

"చూడమ్మా," అన్నారు డైరెక్టర్. "దీన్ని గేదె అనే కోణం నుంచి చూడకూడదు. సాంకేతికంగా ఇది ప్రస్తుతం ఒక పాత్ర."

"పాత్రేంది సారూ. అది నా గేదె. ఇంటికాడ దూడ అరుస్తా ఉంది."

"మీ యాజమాన్యాన్ని మేం కాదనడం లేదు. గింజలు తిరిగి లభించే వరకు అది తాత్కాలికంగా మా అదుపులో ఉంటుంది."

"తిన్నది ఎట్టా తిరిగొస్తది?"

డైరెక్టర్ శాస్త్రవేత్త డాక్టర్ షహనాజ్ వైపు చూశారు. ఆమె గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలైంది. మొక్కల్లో ఉప్పును తట్టుకునే గుణం ఏ జన్యువుల వల్ల వస్తుందో చూడటం ఆమె పని.

"కొన్ని గింజలు అరక్కుండా పేడలో వస్తాయమ్మా. మూడు నాలుగు రోజులు పడుతుంది. నేను జల్లెడ పట్టి తీస్తాను."

"నాలుగు రోజులంటే దూడ చస్తది అమ్మాయ్."

ఈ అంశాన్ని డైరెక్టర్ సానుభూతితో పరిశీలించారు. దూడను లోపలికి తెచ్చుకోవడానికి అభ్యంతరం లేదని పన్నెండున్నరకు ఉత్తర్వు ఇచ్చారు. ఒంటిగంటకు నాంచారమ్మ దూడను తోలుకొచ్చింది. అది వచ్చీ రాగానే పాలు తాగింది. పాలు గేదె నుంచి ఉత్పన్నం. ఒంటిగంటా పదికి ఏలియా దూడను రిజిస్టరులో రెండో పాత్రగా రాశాడు.

పశుగ్రాస పరిశోధన కేంద్రంలో పశుగ్రాసం లేదు. పశువు ఉంటుందని ఎవరూ అనుకోలేదు కనక మేత అనే పద్దు కూడా లేదు. 'పాత్రల నిర్వహణ' అనే పద్దు ఉంది గానీ అది గాజుసీసాలు కడగడానికి. రెండో రోజు నుంచి నాంచారమ్మే పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు గడ్డి కోసుకొచ్చి వేసింది. కంచె అవతల, మడుల్లోంచి తవ్విన చవుడు పోసిన చోట ఆ గడ్డి మొలుస్తుంది. ఊళ్లో దాన్ని ఉప్పుగడ్డి అంటారు.

బుధవారం పొద్దున షహనాజ్ మోపులోంచి ఒక పరక తీసి ఎండలో పెట్టి చూసింది. ఆకు మీద తెల్లగా పొడి ఉంది. నాలుకకు ఆనించుకుంది.

"అట్టా నాకితే నీకు కూడా గేటుపాసు కావాలంటారు అమ్మాయ్," అంది నాంచారమ్మ.

"ఇది ఎక్కడ కోశారమ్మా?"

"అదిగో, ఆడ. మా అమ్మ కాడి నుంచి ఆడే కోస్తన్నాం. ఉప్పు తాగి ఆకు మీదకు కక్కుద్ది. చుక్కికి ఆ ఉప్పంటే పానం. మడిలో అన్ని ఎండుమొక్కలు దాటుకోని పోయి ఆ ఒక్కదాన్నే ఎందుకు తిన్నదనుకున్నావు?"

షహనాజ్ ఆ పరకను డైరెక్టర్ బల్ల మీద పెట్టింది. వేళ్ల ద్వారా వచ్చిన ఉప్పును ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటకు పంపే మొక్కలు కొన్ని ఉన్నాయని, నలభై ఏడో నంబరు కూడా అలాగే చేసేదని, తన దగ్గరున్న ఫొటోలో ఆకు, ఈ ఆకు ఒకేలా ఉన్నాయని చెప్పింది.

"దీని నంబరెంత?" అన్నారు డైరెక్టర్.

"నంబరు లేదు సార్. గట్టు మీద మొలిచింది. ఎకరం నిండా ఉంది."

"నంబరు లేనిదాన్ని కమిటీకి ఎలా చూపిస్తాం డాక్టర్? పైగా ఎకరం నిండా ఉంటే అది పరిశోధన ఫలితం కాదు. కలుపు."

నలభై ఏడో నంబరు ఆకును షహనాజ్ మార్చి మొదటి వారంలోనే జన్యు పరీక్షకు హైదరాబాద్ పంపింది. దాని ఫలితం ఇంకా రాలేదు.

పాల సమస్య అదే రోజు వచ్చింది. దూడకు వదలగా పూటకు మూడు లీటర్లు. పాలు ఉత్పన్నం కనక బయటకు పోకూడదు. పారబోయడానికి నాశన కమిటీ అనుమతి కావాలి, నాశన కమిటీ ఏడాదికి ఒకసారి కూర్చుంటుంది. ఆవరణలోనే వినియోగించాలని డైరెక్టర్ నిర్ణయించారు. మధ్యాహ్నం నుంచి సిబ్బంది అందరికీ ఆ పాలతో టీ పెట్టారు. డైరెక్టర్ రెండు గ్లాసులు తాగి చిక్కగా ఉందన్నారు. టీ అలవాటు లేనివాడు సైదులు ఒక్కడే.

ఏలియా పద్నాలుగు పేర్లు పాత్ర గడిలో రాసుకుని డైరెక్టర్ దగ్గరకు వెళ్లాడు.

"సార్, ఉత్పన్నం చేరిన పాత్రలు కూడా ఆవరణ దాటకూడదని ఉంది. తమరు సాయంత్రం ఇంటికి వెళ్లాలి గదా."

"యజమాని కేంద్రమే. కేంద్రం తరఫున నేను సంతకం పెడతాను. సిబ్బందికి సాధారణ అనుమతి అని ఒకటి రాసుకురా."

రాసుకొచ్చాడు. డైరెక్టర్ సంతకం పెట్టారు. నిబంధన మనుషులను ఇబ్బంది పెట్టడానికి కాదని కూడా అన్నారు.

ఆ సాయంత్రం ఐదూ ఐదుకు నాంచారమ్మ డైరెక్టర్ గది గుమ్మంలో నిలబడింది.

"సారూ, ఆడ దోమలు. దూడ కింద పడి తన్నుకుంటా ఉంది. ఈ పూటకు ఇంటికి తోలుకుపోయి పొగ పెట్టుకుంటా. తెల్లారి మళ్లీ తెచ్చి కట్టేస్తా. అనుమతంట గదా, నాక్కూడా ఒకటి రాసియ్యి."

"సంతకాల వేళ ఐదింటి వరకేనమ్మా."

"ఐదు నిమిషాలే గదా సారూ దాటింది."

"అది మీరు నాలుగూ యాభై ఐదుకు గుర్తు చేసుకోవాల్సింది. రేపు పదింటికి రండి."

ఐదూ ఇరవైకి డైరెక్టర్ కారు గేటు దాటింది. నాంచారమ్మ ఆవరణలోనే వేపాకు పొగ పెట్టబోతే, పొగ వల్ల పాత్రకు నష్టం జరగవచ్చని ఏలియా చెప్పాల్సి వచ్చింది. అతను ఆవరణలోని క్వార్టర్సులోనే ఉంటాడు. కాసేపటికి తన దోమతెర తెచ్చి ఇచ్చాడు.

"నీకెట్టా అన్నయ్యా?"

"నా పేరు ఎట్టాగూ రిజిస్టరులో ఉందిలే చెల్లెమ్మా. కుడితే కుడతాయి."

మర్నాడు పదింటికి ఆమె అర్జీ తీసుకున్నారు. పరిశీలనలో ఉందన్నారు. శుక్రవారం కూడా పరిశీలనలోనే ఉంది. శనివారం షహనాజ్ పేడ జల్లెడ పట్టగా ఇరవై మూడు గింజలు దొరికాయి. గేదెను వదిలేయవచ్చా అని అడిగింది. ఆ ఇరవై మూడూ నలభై ఏడో నంబరువా, నాంచారమ్మ వేసిన మోపులోవా అని డైరెక్టర్ అడిగారు. రెండూ ఒకటేనని తన అనుమానం అంది షహనాజ్. అనుమానం ఆధారంగా పాత్రను విడుదల చేయలేమని ఆయన చెప్పారు. పైగా గేదె రోజూ మేస్తూనే ఉంది కనక లోపల గింజలు లేవని ఎవరూ ధ్రువీకరించలేరు.

"అయితే దాన్ని మేపకుండా ఎండగట్టమంటాడా?" అంది నాంచారమ్మ షహనాజ్‌తో. "బయట నా పాలవాడికలు నాలుగిళ్లు వేరేవాళ్ల కాడికి పోయినయ్. ఇంకొక్క వారం ఇట్టా అయితే నేను ఇంటికాడ ఉండి చేసేదేం లేదు. నన్ను కూడా ఆ పుస్తకంలో రాసుకోమను."

షహనాజ్ ఆ మాట డైరెక్టర్‌కు చెప్పింది. పాలు తాగారేమో కనుక్కోమన్నారు.

ఇరవయ్యో తేదీ సాయంత్రం హైదరాబాద్ నుంచి జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. రెండు పేజీలు. నలభై ఏడో నంబరు కేంద్రం సంకరం చేసిన మొక్కల్లో ఏ ఒక్కదానితోనూ కలవలేదు. అది తీరంలో సహజంగా పెరిగే గడ్డి జాతి. ఉప్పును ఆకుల మీదకు పంపే గ్రంథులకు సంబంధించిన జన్యువులు అందులో ఉన్నాయి. నాటిన మూడు వందల పన్నెండులో ఒక్కటీ బతకలేదని, నలభై ఏడో గుంటలో చచ్చిన మొక్క పక్కన వేరే గింజ మొలిచిందని దాని అర్థం.

డైరెక్టర్ రెండు పేజీలూ చదివారు.

"దీన్ని కమిటీ వెళ్లాక తెరుద్దాం."

"తెరిచారు సార్," అంది షహనాజ్.

"అంటే, కమిటీ వెళ్లాక వచ్చింది అనుకుందాం."

కానీ ఉత్తరం అప్పటికే వచ్చిన ఉత్తరాల రిజిస్టరులో నమోదైంది. నమోదైన ఉత్తరం మీద చర్య తీసుకోవాలి. ఏలియా చర్య తీసుకున్నాడు. నలభై ఏడో నంబరు మూలం గడిలో ఉన్న 'కేంద్రం' అనే మాట తప్పని తేలింది కనక కొట్టేశాడు. గడి ఖాళీ అయింది. ఇరవై ఒకటో తేదీ ఉదయం ఆరింటికి కూర్చుని నాలుగో మడికి సంబంధించిన పాత కాగితాలు తీశాడు. మట్టి ఎగువది, అక్కడ ఈ గడ్డి లేదు. ఉప్పు బస్తాలవి. నీళ్లు కాలువవి. చివరి కాగితంలో 'పశువుల ఎరువు, రెండు ట్రాక్టర్లు, ఇచ్చినవారు కొక్కిలిగడ్డ నాంచారమ్మ' అని ఉంది.

గింజలు పేడలో అరక్కుండా వస్తాయని షహనాజ్ ఇచ్చిన నివేదిక అతని దగ్గరే ఉంది. దాన్ని ఈ కాగితానికి జతచేసి, మూలం గడిలో ఆమె పేరు రాశాడు. ఎనిమిదింటికి కాఫీ తాగాడు.

సమీక్షా కమిటీ ముగ్గురు సభ్యులు పదకొండింటికి వచ్చారు. టీ తాగారు. భోజనంలో పెరుగు రెండుసార్లు వేయించుకున్నారు. నలభై ఏడో మొక్క ప్రస్తుతం జీవ పాత్రలో భద్రంగా ఉందని డైరెక్టర్ వివరించి, దోమతెర కింద ఉన్న గేదెను చూపించారు. కమిటీ అధ్యక్షుడు రిటైరైన తెలుగు అధికారి. ఆయనకు మొక్కల కంటే రిజిస్టర్ల మీద పట్టు ఎక్కువ. మధ్యాహ్నం మూడింటికి జన్యు పదార్థాల రిజిస్టరు తెప్పించుకున్నారు.

"ఈ పదకొండో నిబంధన ఎవరు రాశారు?"

"నేనే సార్," అన్నారు పట్టాభిరామారావు.

"ఇరవై రెండు కేంద్రాలు చూశాను. పాత్ర విషయంలో ఇంత స్పష్టత ఎక్కడా లేదు. దీన్ని జాతీయ నమూనాగా సిఫారసు చేస్తున్నాం. ఈ కేంద్రం ఉండాలి."

డైరెక్టర్ లేచి నిలబడి కృతజ్ఞతలు చెప్పారు. అధ్యక్షుడు పేజీ తిప్పారు.

"యజమాని, కొక్కిలిగడ్డ నాంచారమ్మ. ఈవిడ ఏ సంస్థ?"

డైరెక్టర్ కూర్చున్నారు.

"సంస్థ కాదు సార్," అన్నాడు ఏలియా. "గేదె ఆవిడదే. గింజ ఆవిడ ఎరువులో వచ్చింది. ఉత్తరం వెనక ఉంది, చూడండి."

అధ్యక్షుడు ఉత్తరం చూశారు. "అంటే పదార్థం ఆవిడది. మొదట చేరిన పాత్ర ఏది?"

"నాలుగో మడి సార్. మడికి విడిగా సర్వే నంబరు లేదు. కేంద్రం మొత్తానికి ఒకటే నంబరు. పాత్ర గడిలో అదే రాశాను."

"కేంద్రం పాత్ర."

"అవును సార్."

అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "నిబంధనకు మినహాయింపులేమైనా ఉన్నాయా డాక్టర్?"

"లేవు సార్," అన్నారు డైరెక్టర్. "ఉంటే దుర్వినియోగం చేస్తారని పెట్టలేదు."

"మంచి పని చేశారు," అన్నారు అధ్యక్షుడు. నాలుగూ ఐదుకు సిఫారసు మీద ముగ్గురూ సంతకాలు చేశారు.

నాలుగున్నరకు ఏలియా కొత్త గేటుపాసు పుస్తకం తీసుకుని జెండా దిమ్మె దగ్గరకు వెళ్లాడు. నాంచారమ్మ దూడ ఒంటి మీద పిడుజులు ఏరుతోంది.

"చెల్లెమ్మా, ఇక్కడ సంతకం పెట్టు."

"దేనికన్నయ్యా? మళ్లీ అర్జీనా?"

"అర్జీ కాదు. గేదె, దూడ ఇంటికి పోవడానికి. ఇకనుంచి నీ సంతకమే."

"సారు పెట్టడా?"

"సారు పెడితే చెల్లదు."

ఆమె చెయ్యి చీరకు తుడుచుకుంది. సంతకంలో నాలుగు అక్షరాలు. మూడో అక్షరం దగ్గర ఆగి, రాసినదాన్ని ఒకసారి చూసుకుని, నాలుగోది రాసింది. గేటుపాసు నంబరు ఒకటి, గేదె ఒకటి, దూడ ఒకటి, సమయం నాలుగూ యాభై రెండు. సైదులు పాసు తీసుకుని గేటు తీశాడు. గేదె ముందు, దూడ వెనక బయటకు వెళ్లాయి. షహనాజ్ గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

ఐదూ ఇరవైకి డైరెక్టర్ కారు, దాని వెనక కమిటీ కార్లు రెండు, వాటి వెనక మోటారు సైకిళ్లు ఎనిమిది గేటు దగ్గరకు వచ్చాయి. సైదులు పాసు అడిగాడు.

"సాధారణ అనుమతి ఉంది గదయ్యా," అన్నారు డైరెక్టర్.

"అది పాత యజమానిది సార్," అన్నాడు క్వార్టర్సు గుమ్మంలో నిలబడిన ఏలియా. "మూలం మారింది గదా. మీరు, కమిటీ వారు, అందరూ రిజిస్టరులో ఉన్నారు. పెరుగు కూడా రాశాను."

డైరెక్టర్ అధ్యక్షుడి వైపు చూశారు. అధ్యక్షుడు కారు అద్దం దించి, తాము సిఫారసు చేసిన రోజే ఉల్లంఘిస్తే నివేదికలో రాయాల్సి వస్తుందని చెప్పి, అద్దం ఎత్తారు.

ఆవరణలో పాలు ముట్టనివాడు సైదులు ఒక్కడే కనక పుస్తకం ఇచ్చి అతన్నే సైకిల్ మీద నాంచారమ్మ ఇంటికి పంపారు. ఇల్లు కిలోమీటరున్నర. అతను ఆరూ పదికి తిరిగొచ్చాడు.

"పాలు పిండుతోంది సార్. పదిరోజుల తర్వాత ఇంట్లో పిండటం గదా, చుక్కి పాలు చేపడానికి కాసేపు పట్టింది. అయిందాకా నిలబడ్డా."

"సంతకం పెట్టిందా?"

"సంతకాల వేళ ఐదింటి వరకేనంట సార్. రేపు పదింటికి వస్తానంది."

సైదులు పుస్తకాన్ని డైరెక్టర్‌కు తిరిగి ఇచ్చాడు. గేటుపాసు నంబరు రెండు ఖాళీగా ఉంది. ఆరూ పదిహేనుకు గేటుకు తాళం వేసి, తాళంచెవిని నిబంధన ప్రకారం మేకుకు తగిలించాడు.